పెరట్లో పంపు

మా ఇంట్లో స్విచ్చులన్నీ నేను బిగించినవే. బోర్డులు నావే, గోడల్లో గొట్టాలు నావే, వాటిల్లోంచి లాగిన వైర్లూ నావే. ఇంటికెవరైనా వస్తే కాఫీ ఇచ్చే ముందు మెయిన్ బోర్డు చూపించేవాణ్ణి. "ముందు వాళ్ళని కూర్చోనివ్వండి మహాప్రభో!" అని మా ఆవిడ వంటింట్లోంచి అరిచేది. నేను వింటేనా! విజయనగరంలో ఇన్నేళ్ళుగా పిల్లలకి ఫిజిక్సు చెప్తున్నవాణ్ణి. నా ఇంటికి ఇంకొకడొచ్చి వైర్లు లాగడవేవిటి అనుకున్నాను.

ఆ వైర్లే మొన్న కార్తీకమాసంలో నా కూతుర్నీ, దాని కడుపులో ఉన్న బిడ్డనీ తీసుకుపోబోయేయి. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా రాస్తాను. నాలాటి తెలివైనవాళ్ళు వీధికొకరు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళు ఉన్నారు.

నిజానికి ఇల్లు కడుతున్నప్పుడు వైరింగు పని మా వీధి చివరనుండే వైర్‌మ్యాన్‌కే చెప్పేను. అతను వచ్చేడు, ఇల్లంతా తిరిగేడు, పెరట్లోకి వెళ్ళి కాలితో నేల మీద గీత గీసేడు. "ముందిక్కడ ఎర్తు గొయ్యి తియ్యాలండి మాస్టారూ. బొగ్గూ ఉప్పూ ఎయ్యాల. ఎర్తు నేకపోతే మిగతాదంతా ఎంత సక్కగా సేసినా ఒకటే," అన్నాడు. రేపొస్తానని వెళ్ళి పది రోజులు కనపడలేదు. నాకు ఎదురుచూడ్డం చేతకాదు. పదకొండో రోజు వీధిలో దొరికితే, "నువ్వు రానక్కర్లేదు ఫో! నీకంటే నాకు ఎక్కువే తెలుసు," అని నలుగురి ముందూ అనేసేను. "మీ ఇష్టం మాస్టారూ," అని సైకిలెక్కి వెళ్ళిపోయేడు.

నేనే చేస్తున్నానని తెలిసి నౌపడ నుంచి మా అక్క మొగుడు, మా బావ, రైల్లో ఒక బస్తా ఉప్పు మోసుకొచ్చేడు. అక్కడ వాళ్ళ గుమ్మం దాటితే ఉప్పుమళ్ళే. "ఒరే బావా, ఎర్తు గోతిలో మా ఊరి ఉప్పు పడాలిరా. ఇంక నీ ఇంటికి ఢోకా ఉండదు," అన్నాడు. నేను నవ్వేను. "గొయ్యెందుకు బావా? పెరట్లో బోరు ఉంది. దాని ఇనప గొట్టం భూమిలోకి ఎంత లోతు దిగిందో తెలుసా? కింద నీళ్ళల్లో మునిగి ఉంది. అంతకంటే ఎర్తు ఏం కావాలి?" అని బోరు గొట్టానికి క్లాంపు వేసి ఇంటి ఎర్తు వైరు దానికి బిగించేను. ఆ గొట్టానికే మా పెరటి కుళాయి పంపు ఉంది. బావ తెచ్చిన ఉప్పు ఆ ఏడాది ఆవకాయలోకి వెళ్ళింది.

బిగించేక అందరినీ పిలిచి పరీక్ష చేసి చూపించేను. హోల్డరుకి రెండు వైర్లు కట్టి, ఒకటి కరెంటుకీ ఒకటి ఎర్తుకీ పెట్టేసరికి బల్బు భగ్గుమని వెలిగింది. "ఎర్తంటే ఇదీ!" అన్నాను. బావ ఒప్పుకున్నాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. వైరింగు జరిగినన్నాళ్ళూ ఆవిడ అలాగే గుమ్మంలో నిలబడి నా పని చూసేది. నాకు ఒక పాడు అలవాటు ఉండేది. ఎక్కడైనా అనుమానం వస్తే టెస్టర్ వెతుక్కునే ఓపిక లేక, ఎడమచెయ్యి వెనకవైపు వేళ్ళతో అలా తాకించి లాగేసేవాణ్ణి. "అదేవిట్రా, కరెంటుని అలా ముట్టుకుంటావ్?" అని అమ్మ హడిలిపోతే, "అరచేత్తో ముట్టుకుంటే చెయ్యి ముడుచుకుని పట్టేస్తుందమ్మా. వెనకవైపు ముట్టుకుంటే వెనక్కి వచ్చేస్తుంది," అని పాఠం చెప్పేను. క్లాసులో లాగే ఇంట్లో కూడా పాఠాలు చెప్పడం నాకు జబ్బు.

అప్పుడే లీకేజీ ఉంటే టక్కున కరెంటు ఆపేసే ట్రిప్పరు కూడా మెయిన్లో పెట్టేను. నాకు తెలియక కాదు, అన్నీ తెలుసు. మొదట బాగానే ఉండేది. గీజరు పాతబడ్డాక ట్రిప్పరు పొద్దున్నపూట టక్కుమని పడిపోవడం మొదలెట్టింది. మిక్సీలో పచ్చడి సగంలో ఆగిపోయేది, మా ఆవిడ గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చేది, నాకు స్కూలుకి టైమైపోయేది. ఒక ఆదివారం ఒళ్ళు మండి ఆ ట్రిప్పర్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేసేను. నాసిరకం సరుకని తిట్టేను కూడా. ఆ రోజు నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది.

పోయిన వేసవిలో బోరు లోపలి గొట్టాలు తుప్పుపట్టి నీళ్ళు రావడం మానేసేయి. నేను స్కూల్లో ఉండగా ప్లంబరు వచ్చి ఇనప గొట్టాలన్నీ పైకి లాగేసి, నల్ల ప్లాస్టిక్ గొట్టం దింపి వెళ్ళేడు. పైన కనబడే మూరెడు ఇనప ముక్కా, దానికి పంపూ మాత్రం అలాగే ఉంచేడు. సాయంత్రం వచ్చి పంపు తిప్పేను. నీళ్ళు బ్రహ్మాండంగా వచ్చేయి. నా క్లాంపు కూడా ఎక్కడిదక్కడే ఉంది. చూసేను, తృప్తి పడ్డాను, లోపలికి వెళ్ళి టీ తాగేను.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి. మా నాన్న ఒక చిన్న కోవెల్లో అర్చకత్వం చేసి పోయేరు. అమ్మ చదివింది ఐదో క్లాసు. తెల్లారకుండా లేచి, తలమీంచి చన్నీళ్ళ స్నానం చేసి, తడిబట్టతో పెరట్లోకి వెళ్ళి ఇత్తడి బిందెతో మడినీళ్ళు పట్టుకోవాలి. ట్యాంకు నీళ్ళు ఆవిడ మడికి పనికిరావు. మోటారు వేసి నేరుగా బోరులోంచి వచ్చే నీళ్ళే కావాలి. ఆవిడ దేవుడి పాటలు పాడుకుంటూ చేస్తుంది ఇదంతా. నాకు అలారం అక్కర్లేదు. స్నానాల గదిలో మొదలైన పాట పెరట్లోకి వెళ్ళేసరికి నాకు మెలకువ వచ్చేస్తుంది.

దసరాలు వెళ్ళేక ఒకరోజు కాఫీ తాగుతూ, "ఒరే నాన్నా, పంపు జివ్వుమంటోందిరా," అంది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి టెస్టర్ పెట్టేను. వెలగలేదు. చేత్తో పట్టుకున్నాను, ఏం లేదు. పొడి చేతులు, పొడిగా ఉన్న గచ్చు, సాయంత్రం ఐదింటికి గీజరు ఎవరు వేస్తారు? ఇవేవీ నా బుర్రకి తట్టలేదు. ఏం లేదని చెప్పేను.

నాలుగు రోజులకి మళ్ళీ చెప్పింది. మళ్ళీ సాయంత్రం చూసేను. మూడోసారి చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. "చలిలో తడిబట్ట కట్టుకుని నిలబడితే ఒళ్ళు జివ్వుమనక ఏవంటుందమ్మా? పంపుకేం లేదు. నీ ఒంట్లోనే ఉంది. ఆ మడి మానెయ్, జివ్వుమనడం అదే మానేస్తుంది!" అని అరిచేను. అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు. నేను గెలిచేననుకున్నాను.

ఆ వారంలోనే మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఏడో నెల. తొలిచూలు. ఇంట్లో అందరం దాని చుట్టూ తిరిగేవాళ్ళం. దానికి పొద్దున్నే పెరట్లో పంపు దగ్గర మొహం కడుక్కోవడం ఇష్టం. చలికాలం బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. బ్రష్షు నోట్లో పెట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళబోయేసరికి అమ్మ ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చేది. "ఉండవే, ఉండు! నా బిందె పట్టనీ. నేను ముట్టుకున్నాకే నువ్వు!"

"పంపుక్కూడా మడేనా మామ్మా?" అని అమ్మాయి విసుక్కునేది.

"నీ కడుపులో వాడు బయటికొచ్చేదాకా అన్నిటికీ మడే," అనేది అమ్మ.

మేం నవ్వుకునేవాళ్ళం. మా ఆవిడైతే ఇంకో ఫిర్యాదు తెచ్చింది. "ఏవండీ, అత్తయ్యగారు రోజూ గీజరు వెయ్యగానే వెనకే వచ్చి కట్టేస్తున్నారు. నీళ్ళు కాగేయి, చాల్లే అంటున్నారు. కాగట్లేదు, గోరువెచ్చగానే ఉంటున్నాయి." మా ఆవిడ మొదట్నించీ నీళ్ళు కాగేక గీజరు కట్టేసి, అప్పుడు స్నానం చేసే మనిషి. ఆ అలవాటు ఆవిణ్ణి కాపాడుతోందని నాకేం తెలుసు? చాదస్తం ముదిరిందన్నాను.

ఇంకో వింత కూడా జరిగింది. మా అమ్మ జన్మలో ఎవరినీ చెప్పులతో పెరట్లోకి రానిచ్చింది కాదు. తులసికోట ఉంది, మడినీళ్ళు ఉన్నాయి. అలాంటిది పొరుగింటావిడ చేత కొత్త రబ్బరు చెప్పుల జత తెప్పించి పెరటి గుమ్మం దగ్గర పెట్టింది. "నేల తడిగా ఉంటుంది, జారతావు. ఇవి వేసుకోకుండా పంపు దగ్గరికి వెళ్ళేవంటే ఊరుకోను," అని మనవరాలికి ఒట్టు వేయించుకుంది. మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఇంత చాదస్తురాలికి మనవరాలి కోసం మడి సడలిందే అని నాకు ముచ్చటేసింది కూడా.

ఆ రోజుల్లో నేను పక్కమీద పడుకుని వింటూంటే, ఆవిడ పాట పెరట్లోకి వెళ్ళి, పంపు దగ్గర టక్కున ఆగేది. ఒక్క క్షణం ఏం వినబడేది కాదు. తరవాత ఒక్కోరోజు పాట అందుకునేది, ఒక్కోరోజు పాట లేకుండానే ఇంట్లోకి అడుగుల చప్పుడు వచ్చేది. వయసైపోతోంది, మాట మర్చిపోతోంది పాపం అనుకుని నేను అటు తిరిగి పడుకునేవాణ్ణి.

ఒక కార్తీక సోమవారం అమ్మకి జ్వరం. ఆదివారం సాయంత్రమే ఒళ్ళు కాలిపోయింది. పొద్దున్నే లేస్తానంటే మా ఆవిడా నేనూ కలిసి మంచం దిగనివ్వలేదు. మా ఆవిడ లేచి గీజరు వేసింది, ట్యాంకు నింపడానికి మోటారు వేసింది. నేను హాల్లో అద్దం ముందు గెడ్డం గీసుకుంటున్నాను. అమ్మాయి బ్రష్షు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

గదిలోంచి అమ్మ కేక పెట్టింది. "ఒసేవ్, ఆగవే! పంపు ముట్టుకోకే!"

"అమ్మా, నువ్వు పడుకో! ఒక్కరోజు ఎవరు ముందు ముట్టుకుంటే ఏం పోయింది?" అన్నాను అద్దంలోంచి మొహం తిప్పకుండా.

"మడి కాదురా! గీజరు కట్టండర్రా! గీజరు!"

జ్వరం తలకెక్కింది అనుకున్నాను. మడేవిటి, గీజరేవిటి! నవ్వేను. భగవంతుడా, నేను నవ్వేను. నురగ మొహంతో నవ్వుతూనే వెనక్కి తిరిగితే అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని, గుమ్మంలో తూలిపోతోంది. నేను ఆవిణ్ణి పట్టుకోవడానికి వెళ్ళేను. నన్ను ఒక్క తోపు తోసి, "నన్ను కాదురా, దాన్ని చూడు!" అంది.

అప్పుడే పెరట్లోంచి అమ్మాయి అరుపు వినబడింది. ఒక్కటే అరుపు, మధ్యలో తెగిపోయింది.

నేను వెళ్ళేసరికి అమ్మాయి పంపుకి రెండడుగుల దూరంలో తడినేల మీద చతికిలబడి ఉంది. ఒక చెప్పు కాలికే ఉంది, రెండోది తులసికోట దగ్గర పడి ఉంది. కళ్ళు పెద్దవి చేసి నన్ను చూస్తోంది గానీ మాట రావట్లేదు. పంపు సగం తిరిగి నీళ్ళు దాని కాళ్ళ వైపు పారుతున్నాయి. నాకు ముందు తోచింది పంపు కట్టడం. ఫిజిక్సు మాస్టార్ని, చెప్పుల్లేని కాళ్ళతో నీళ్ళల్లో నిలబడి పంపు మీదకి చెయ్యి చాచేను. అరచెయ్యే.

"ముట్టుకోకురా!" అని వెనకనుంచి అమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మెయిను ఆపు! వెళ్ళి మెయిను ఆపు!"

నా చేతికీ పంపుకీ మధ్య జానెడు కూడా లేదు. లోపలికి పరిగెత్తి మెయిన్ లాగేసేను. మోటారు ఆగింది. నీళ్ళు సన్నగిల్లి ఆగిపోయేయి. వచ్చి చూస్తే అమ్మ నేలమీద కూర్చుని అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎవరు మడో ఎవరు మైలో ఆవిడకి పట్టలేదు.

అమ్మాయి రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని, "నాన్నా, కదలట్లేదు," అంది.

"ఏవిటమ్మా?"

"వీడు కదలట్లేదు నాన్నా. రోజూ ఈపాటికి తంతాడు."

ఆటో ఎక్కించేం. ఒకపక్క నేను, ఒకపక్క మా ఆవిడ. అమ్మని పొరుగావిడకి అప్పగించేం. కోట దగ్గర ఎదురుగా స్కూలు బస్సు వస్తే ఆటో ఆగింది. నేను ఆటో అబ్బాయి మీద అరిచేను, బస్సు డ్రైవరు మీద అరిచేను, అడ్డొచ్చిన ఆవు మీద కూడా అరిచేను. అమ్మాయి మాత్రం పొట్టమీంచి చెయ్యి తియ్యలేదు. మధ్యలో ఒకసారి మా ఆవిడ నా వైపు చూసి, "సగం గెడ్డం అలాగే ఉంది," అంది. ఆ మాట అని ఏడ్చేసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పొట్టమీద ఏదో జిగురు రాసి, చిన్న మిషను పెట్టింది. గరగరా శబ్దం. జరిపింది. మళ్ళీ గరగరా. ఇంకోచోట పెట్టింది. నేను గోడ మీద స్విచ్చు బోర్డు వంక చూస్తూ నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి స్విచ్చు బోర్డు చూస్తే అసహ్యం వేసింది. బడిలో ఇన్నేళ్ళు ఏం చెప్పేనో, ఇంట్లో ఏం చేసేనో నాకు అప్పటికి పూర్తిగా తెలియదు గానీ, చేసింది నేనేనని తెలుసు. దేవుడా, నా చేతులు విరిచెయ్యి, దీన్ని వదిలెయ్ అనుకున్నాను.

అప్పుడు వినబడింది. టకటకటకమని, పరిగెడుతున్నట్టు. డాక్టరమ్మ తల ఊపింది. "గుండె బాగా కొట్టుకుంటోంది. సాయంత్రం దాకా చూద్దాం. చెప్పులు వేసుకున్నావా అమ్మా?" అని అడిగింది.

"మా మామ్మ ఒట్టేయించుకుంది," అంది అమ్మాయి.

"మామ్మకి దణ్ణం పెట్టు," అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నానికి వాడు ఒక్క తన్ను తన్నేడట. అమ్మాయి మంచం మీంచి నా చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుంది. నేను బయటికొచ్చి వరండాలో ఒక మూల నిలబడి వెక్కి వెక్కి ఏడ్చేను. ఇంటికి ఫోన్ చేస్తే మొదటి రింగుకే అమ్మ ఎత్తింది. "ఎలా ఉందిరా?" అంది. బాగుందన్నాను. "బిడ్డ?" అంది. బాగున్నాడన్నాను. తరవాత, "మెయిను కట్టే ఉంది. ఎవరొచ్చినా వెయ్యనివ్వను," అంది.

సాయంత్రం అమ్మాయినీ మా ఆవిడనీ ఆస్పత్రి దగ్గరే ఉన్న మా ఆవిడ చెల్లెలి ఇంట్లో దింపి, నేను వీధి చివరికి నడిచేను. ఆ వైర్‌మ్యాన్ గుమ్మం ముందు నిలబడి, "బాబూ, నాకు రాదు. నువ్వొచ్చి చూడాలి," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అతను దెప్పుతాడనుకున్నాను. దెప్పలేదు. "రేపు పొద్దుటే వస్తానండి మాస్టారూ," అన్నాడు. ఈసారి చెప్పిన టైముకే వచ్చేడు.

ముందు హోల్డరుకి వైర్లు కట్టిన బల్బు తీసేడు. నాది ఉండేది కదా, అచ్చం అలాంటిదే. ఒక వైరు కరెంటుకీ, ఒకటి నా ఎర్తుకీ పెట్టేడు. బల్బు వెలగలేదు. లోపల తీగ కాస్త ఎర్రబడి ఊరుకుంది. "మాస్టారూ, ఇది ఎర్తు కాదండి," అన్నాడు నెమ్మదిగా. పెరట్లోకి వెళ్ళి బోరు మీద రేకు ఎత్తేడు. నల్ల ప్లాస్టిక్ గొట్టం కనబడింది. నా వంక చూసేడు. నేను నేల వంక చూసేను.

గీజరు వైర్లు ఊడదీసి, లీకేజీ చూసే మెగ్గరు అనే పెట్టె తగిలించి హ్యాండిల్ తిప్పేడు. ముల్లు కదలకుండా సున్నా దగ్గరే పడుకుంది. "లోపల కాయిలు సచ్చిపోయిందండి. ఏసినప్పుడల్లా గీజరు ఒంటికి కరెంటు వొస్తాది. అది భూమిలోకి పోదామంటే దారి నేదు. మీ ఎర్తు వైరు పట్టుకుని తిన్నగా పంపు కాడికొచ్చి కూకున్నాది. ఆ వైరే నేకపోతే పంపుకి కరెంటు రాను కూడా రాదండి," అన్నాడు.

అంటే నా కూతురి చేతిదాకా కరెంటుని తీసుకొచ్చింది నా ఎర్తు వైరే. నేను బల్బు వెలిగించి అందరికీ చూపించిన వైరు.

చివర్న మెయిన్ విప్పేడు. ట్రిప్పరు పక్కన నేరుగా కలిపేసిన రెండు వైర్లు ఉన్నాయి. ఇది ఎవరు చేసేరని అతను అడగలేదు. అడిగితే బాగుణ్ణు.

అమ్మ జ్వరం తగ్గి పెరటి గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆ రోజుల్లో నా పని చూసినట్టే. అతను చేతులు తుడుచుకుంటూ ఆవిడ దగ్గర కూర్చుని, "అమ్మగోరూ, గీజరు ఏస్తేనే పంపుకి కరెంటు వొస్తాదని మీకెలాగ తెలిసిందండి? మాస్టారికే తెలీనేదు కదా," అని అడిగేడు.

"ఏముంది నాయనా. ఒక్కోరోజు జివ్వుమనేది, ఒక్కోరోజు అనేది కాదు. అనని రోజు ఏవిటి తేడా అని చూసుకున్నాను. ఆ గీజరు మీద ఎర్రదీపం ఉంటుందే, అది వెలిగితే పంపు కరిచేది. ఆరిపోతే ఊరుకునేది. పిల్ల వచ్చినప్పట్నించీ రోజూ అది ముట్టుకోకముందే నేను ముట్టుకుని చూసేదాన్ని. కరిస్తే వెళ్ళి గీజరు కట్టేసి, మళ్ళీ వచ్చి ముట్టుకునేదాన్ని. లేదనుకుంటే అప్పుడు దాన్ని రానిచ్చేదాన్ని."

"తడిబట్టతోనా!" అన్నాడతను. "ఎలా ముట్టుకునీవోరండి?"

అమ్మ ఎడమచెయ్యి చాపి, తిప్పి, వెనకవైపు వేళ్ళు చూపించింది. "అరచెయ్యైతే పట్టేస్తుంది కదా. ఇలాగైతే వెనక్కొస్తుంది. మావాడు వైరింగు చేసినప్పుడు ఇలాగే చూసేవాడు. వాడే చెప్పేడు."

ఆ వేళ్ళు నేను చూడలేకపోయేను. అతను కూడా చూడలేక తన సంచీ సర్దుకున్నాడు. అలాంటప్పుడు కోపమే అలవాటు నాకు, అందుకని కోపంగానే అన్నాను. "ప్రాణం పోతే ఏవయ్యేదమ్మా? నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ నన్ను తలెత్తి చూసింది. ఆవిడ కళ్ళల్లో కోపం లేదు. "చెప్పేను కదరా," అంది.

వారం రోజుల్లో గొయ్యి తవ్వేం. అతను ఎప్పుడో గీత గీసిన చోటే. బావకి ఫోన్ చేస్తే, ఏం అడక్కుండా మళ్ళీ ఒక బస్తా ఉప్పు తెచ్చి తన చేత్తోనే గోతిలో పోసేడు. గీజరు మారింది, ట్రిప్పరు మారింది. పెరటి పంపు నుంచి ఆ ఎర్తు వైరు తెంపించేను. వైర్‌మ్యాన్ ప్రతి బోర్డూ పరీక్ష చేసి, పంపుని తడిచేత్తో పట్టుకుని చూపించి, అమ్మ పాదాలకి దణ్ణం పెట్టి వెళ్ళేడు. ఆ సాయంత్రమే అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చేం.

"ఇంక భయం లేదమ్మా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను దగ్గరుండి చూసేను," అన్నాను అమ్మతో. "అలాగే నాన్నా," అంది.

మర్నాడు పొద్దున్నే పక్కమీద మెలకువగా ఉన్నాను. స్నానాల గదిలో పాట మొదలైంది. గీజరు స్విచ్చు చప్పుడైంది. మోటారు చప్పుడైంది. పాట పెరట్లోకి వెళ్ళింది, పంపు దగ్గరికి వెళ్ళింది.

ఆగిపోయింది.

నేను ఊపిరి బిగబట్టి పడుకున్నాను. అవతల గదిలో అమ్మాయి చెప్పులు వెతుక్కుంటోంది. ఎంతసేపో తెలియదు. తరవాత బిందెలో నీళ్ళు పడ్డ చప్పుడు, ఆ వెనకే పాట.

"ఒసే అమ్మాయీ," అని పిలిచింది అమ్మ. "ఇంక రా."